పోయిన సొమ్ము, చెప్పుకోని నష్టము

(కినత్తుకడవులో మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ప్రతివారూ వేళ్ళమీద లెక్క వేసుకొన్నారు. కొత్త సంవత్సరము పేరు ‘పరాభవ’ అని వినగానే ముందు వరుసలోని ఒక అవ్వ, “ఇదేమి పేరు నాయనా, పండుగపూట!” అన్నది. పేరును చూసి భయపడవలసిన పని లేదు. అయితే పంచాంగములోని ఆ నాలుగు మాటలలో రెండింటిని, అనగా వ్యయమును, అవమానమును పట్టుకొని నాలుగు మాటలు మనవి చేసుకొంటాము.

మన కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, “మీరు రైలువారు గదా, దొంగతనముల సంగతి మాట్లాడండి” అన్నారు. రైలులో పనిచేసేవారికి దొంగలతో పరిచయమెక్కువని వారి అభిప్రాయము కాబోలు. మేము మెట్రిక్ చదివి టిక్కెట్ల కౌంటరులో కూర్చున్న గుమాస్తాలము. పోలీసులము కాము, వకీళ్ళము కాము. అయినా లెక్కలు వ్రాయడము మా పని. సొమ్ము పోగొట్టుకొన్నవారు ముందుగా వచ్చి నిలబడేది కూడా మా కిటికీ ముందరే. అందుచేత, దొంగల పాలైన సొమ్ము లెక్క కాలముతోపాటు ఎట్లా మారుతూ వచ్చిందో మాకు తెలిసినంతవరకు చెబుతాము.

మొదట పాతకాలపు సంగతి. మన పూర్వులు ఈ కొంగు నేలకు, మదుర సీమకు విజయనగర రాజుల కాలములోను, 1529 ప్రాంతములో విశ్వనాథ నాయకుడు మదురలో పాలన చేపట్టిన తరువాతను వచ్చి నిలిచారు. నల్లరేగడి నేలలో ప్రత్తి పండించారు, బావులు త్రవ్వారు, మగ్గాలు వేశారు. ఆ రోజులలో సేద్యగాని ఆస్తి అంటే ఎద్దులే. ఎద్దుల జత పోతే ఆ సంవత్సరము దుక్కి పోయినట్లే.

మదుర ప్రాంతములో ‘తుప్పుక్కూలి’ అని ఒక పద్ధతి ఉండేది. ‘తుప్పు’ అంటే ఆచూకీ. పశువు పోయినవాడు ఒక మధ్యవర్తిని పట్టుకొని, పశువు ధరలో సగము దాకా ముట్టజెబితే, ఫలానా చోట కట్టివేసి ఉన్నదని కబురు వచ్చేది. 1906లో వెలువడిన మదుర జిల్లా గెజిటీరులో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే దొర ఈ పద్ధతిని వివరంగా వ్రాశాడు. అది అన్యాయమే, సందేహము లేదు. కాని ఒక్క విషయము గమనించండి. పోయినవానికి నష్టము సగముతో ఆగింది, మిగతా సగము ఇల్లు చేరింది. పశువు పోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. పోయినవాడు సిగ్గుపడి దాచుకోలేదు.

ఆ కాలము చేసిన మరొక తప్పును కూడా చెప్పుకోవాలి. దొంగతనమును మనిషికి కాక కులానికి అంటగట్టారు. 1871లో నేరస్థ జాతుల చట్టము పుట్టింది. 1911లో అది మన మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఏ తప్పూ చేయనివారు సైతము పుట్టుకచేతనే దొంగలుగా రిజిస్టరులో ఎక్కారు. మన తెలుగు నేలమీది స్టువర్టుపురము అట్లా ఏర్పడిన కాలనీయే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయింది. చట్టము పోయింది గాని బుద్ధి పూర్తిగా పోలేదు. నేటికీ ఇంట్లో ఒక ఉంగరము కనబడకపోతే మొట్టమొదట మన కన్ను పనిమనిషి మీదికి పోతుంది. రెండు రోజులకు అది పరుపు క్రింద దొరుకుతుంది. ఉంగరము మనకు తిరిగి వస్తుంది గాని ఆమె పోగొట్టుకొన్న మర్యాద ఆమెకు తిరిగి రాదు. అది కూడా ఒక దొంగతనమే, చేసినవారము మనము.

ఇక బంగారము సంగతి. ఊరు విడిచి వచ్చిన జాతి కాబట్టి, చేతికి అందుబాటులో ఉండే ఆస్తిని మన ఆడవారు మొదటినుండి నమ్ముకొన్నారు. పొలము కదలదు, బంగారము మనతో నడిచి వస్తుంది. అందుచేతనే మన ఇండ్లలో సవరన్ల లెక్క మాట్లాడని పెండ్లి లేదు.

ఐదు సవరన్ల గొలుసు ఒకటి పోయిందనుకొందాము. ఐదు సవరన్లంటే 40 గ్రాములు. మేలిమి బంగారము ధర 1964లో పది గ్రాములకు సుమారు రు. 63. ఆ లెక్కన నష్టము రు. 252. మా చిన్నతనములో, 2000 సంవత్సరములో, పది గ్రాముల ధర సుమారు రు. 4,400. నష్టము రు. 17,600. 2025 అక్టోబరులో పది గ్రాములు రు. 1,20,000 దాటింది. నష్టము రు. 4,80,000. పోలీసు రిజిస్టరులో ఈ మూడు అంకెలు చూసినవాడు దొంగతనము రెండువేల రెట్లు పెరిగిందని గుండెలు బాదుకొంటాడు. కాని పోయినది మూడుసార్లూ అదే గొలుసు. పెరిగింది దొంగతనము కాదు, ధర. పత్రికలలో ‘ఇన్ని కోట్ల సొత్తు అపహరణ’ అని చదివినప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

అయితే రూపాయి పెరిగినది నిజము గాని బాధ పెరగలేదని అనుకోవచ్చునా? అదీ కుదరదు. నష్టమును రూపాయలలో గాక కూలి దినాలలో కొలిచి చూడండి. 2025-26లో తమిళనాడులో ఉపాధి హామీ కూలి రోజుకు రు. 336. రు. 4,80,000 సంపాదించాలంటే 1,428 రోజులకు పైగా పని చేయాలి. ఆదివారము, పండుగ అనకుండా పనిచేసినా దాదాపు నాలుగు సంవత్సరములు. తిండీ బట్టా లేకుండా కూడబెడితేనే సుమా! ధనవంతుని ఐదు సవరన్లు, కూలివాని ఐదు సవరన్లు తూకములో ఒకటే, నష్టములో ఒకటి కాదు.

రిజిస్టరులోకి ఎక్కని నష్టము ఇంకొకటి ఉన్నది. ఒకనాడు మార్కెట్టుకు టమాటా బుట్టలు మోసే ఒక అక్క ఏడుస్తూ మా కిటికీ దగ్గరకు వచ్చింది. రైలులో సంచీ పోయింది. అందులో రు. 900, ఒక పాత ఫోను, రేషను కార్డు, ఆధారు కార్డు ఉన్నవి. కాగితము మీద నష్టము ఏడువేలకు మించదు. కాని కార్డులు తిరిగి తెచ్చుకొనడానికి ఆమె నాలుగు రోజులు పని మానుకొన్నది. చనిపోయిన పెనిమిటి గొంతు ఆ ఫోనులో ఉన్నదట, దానికి ఎవరు ధర కడతారు? ఇక తోటలలో ఒంటరిగా ఉండే వృద్ధుల సంగతి మీకందరికీ తెలుసు. 2024 నవంబరులో పల్లడము దగ్గర తోట ఇంట్లో ముగ్గురు, 2025లో ఈరోడు జిల్లా శివగిరి దగ్గర వృద్ధ దంపతులు ప్రాణములే పోగొట్టుకొన్నారు. శివగిరిలో పోయిన బంగారము పది సవరన్లకు కొంచెము ఎక్కువ. అటువంటి చోట సవరన్లు లెక్కపెట్టడమే తప్పుగా తోస్తుంది.

బంగారమును ఇంట్లో ఉంచక బ్యాంకు లాకరులో పెడితే నిశ్చింత అని అనుకొంటాము. మంచిదే. కాని 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము, లాకరులోని సొత్తు దొంగతనము వలన, అగ్నిప్రమాదము వలన లేక బ్యాంకు ఉద్యోగి మోసము వలన పోతే, బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్లు మాత్రమే. అద్దె రు. 2,000 అయితే రెండు లక్షలు. 2025 అక్టోబరులో నగల సవరను ధర రు. 90,000 దాటింది. అనగా ఆనాటి ధరకు ఆ రెండు లక్షలు రెండు సవరన్లకు కొంచెము పైమాట, మూడుకు చాలవు. లాకరులో ఇరవై సవరన్లు పెట్టినవారు ఈ లెక్క తెలుసుకొని, నగలకు వేరుగా భీమా చేయించుకొనే సంగతి ఆలోచించాలి.

రైలు సంగతి అడుగుతారు గాబట్టి అదీ చెబుతాము. 1989 రైల్వే చట్టము 100వ సెక్షను ప్రకారము, బుక్ చేసి రశీదు పొందిన సామానుకే రైల్వే పూచీ. మన చేతిలో ఉన్న సంచీకి మనమే కాపలా. రైల్వే సిబ్బంది నిర్లక్ష్యము వలన పోయిందని రుజువైతే అది వేరు మాట. నడుముకు కట్టుకొన్న లక్ష రూపాయలు రైలులో పోయిన ఒక ప్రయాణికుని కేసులో 2023 జూన్‌లో సుప్రీముకోర్టు కూడా రైల్వేది సేవాలోపము కాదన్నది. మా శాఖ తరఫున వాదించడానికి ఇది చెప్పడము లేదు, మీరు మోసపోకుండా ఉండటానికి చెబుతున్నాము.

ఇంతవరకు దొంగ మన ఇంటికి వచ్చాడు, మన ప్రక్కన కూర్చున్నాడు. తరువాత మనమే దొంగ ఇంటికి పోయిన కాలము వచ్చింది. అధిక వడ్డీ ఆశకు మనమే డబ్బు మోసుకొనిపోయి రశీదు పుచ్చుకొని వచ్చాము. 2009లో మన ప్రక్కనున్న తిరుప్పూరులో బయటపడిన పాజీ కంపెనీ మోసము సుమారు 930 కోట్లది. కోయంబత్తూరు కోర్టు 2022లో దాని డైరెక్టర్లకు 27 ఏండ్ల శిక్ష వేసింది. 2012లో పెరుందురై ఈమూ పక్షుల వ్యవహారము మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడే మొదటిసారి బాధితుడు సిగ్గుపడటము మేము చూశాము. ‘ఎవడో దోచుకొన్నాడు’ అనలేడు, ‘నేనే ఇచ్చాను’ అనాలి. ఆ మాట నోటికి రాదు.

ఇప్పుడు ఆ సిగ్గే ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. 2025 జూలైలో హోంశాఖ లోక్‌సభకు చెప్పిన లెక్క వినండి. ఫోను మోసముల వలన, కంప్యూటరు మోసముల వలన దేశములో ప్రజలు పోగొట్టుకొన్నది 2023లో సుమారు 7,465 కోట్లు, 2024లో సుమారు 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. ఇందులో మన తమిళనాడు వాటా 2024లో 1,600 కోట్లకు పైబడే ఉన్నది. 2021లో దేశమంతటికీ లెక్కకు వచ్చినది 551 కోట్లే. ఆ సంవత్సరమే ఫిర్యాదుల ఏర్పాటు కొత్తగా మొదలయింది గాబట్టి, పెరుగుదలలో కొంత భాగము ఫిర్యాదులు పెరగడము వలన వచ్చినదే. ఆ మాట ఒప్పుకొన్నా, ఒక్క ఏడాదిలో మూడు రెట్లు అన్నది మామూలు సంగతి కాదు. 2024లో బంగారము ధర పెరిగినది నూటికి ఇరవై పైచిలుకు మాత్రమే. గొలుసు విషయములో ధర పెరిగింది. ఫోను విషయములో దొంగతనమే పెరిగింది.

ఎందువలన? గొలుసు తెంపేవాడు ఒకనాడు ఒకరిద్దరిని దోచుకోగలడు. ఫోనులో మాట్లాడేవాడు ఒకచోట కూర్చొని రోజుకు వందమందిని కదిలించగలడు. గొలుసు దొంగకు మెడలో ఉన్నదే దక్కుతుంది. ఫోను దొంగకు బ్యాంకులో ఉన్నదంతా దక్కుతుంది, పైగా మనచేత అప్పుకూడా చేయించి పట్టుకొనిపోతాడు. గొలుసు పోతే కేక వేస్తాము. ఫోనులో పోతే నోరు మూసుకొంటాము. ఈ మూడవ కారణమే దొంగకు పెద్ద పెట్టుబడి.

ఒక అనుభవము చెబుతాము. మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన ఒక ఉదయము మా కౌంటరుకు వచ్చి ఐదు తిరుపతి టిక్కెట్లు రద్దు చేయమన్నారు. మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీయించే ప్రయాణము. “ఏమి పెదనాయనా, ముహూర్తము మారిందా?” అన్నాము. “ఒంట్లో బాగాలేదు” అన్నారు. ముఖము చూస్తే జ్వరము మనిషి వలె లేరు. డ్యూటీ దిగిన తరువాత వారి ఇంటికి పోయి, తోటలో చెట్టుక్రింద కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పారు. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి ఫ్యూజు పీకేస్తామని ఒకడు ఫోను చేశాడట. చక్కని తెలుగులో మాట్లాడాడట. ఈ ఊరిలో కరెంటు ఆఫీసువాడు తెలుగు మాట్లాడుతున్నాడే అని సంతోషపడి వాడు చెప్పినట్లల్లా చేశారు. రు. 1,38,000 పోయింది. అప్పటికి పదకొండు రోజులు. పెదమ్మకు చెప్పలేదు, కొడుకుకు చెప్పలేదు.

“ఇల్లు దూరి దొంగ ఎత్తుకొనిపోయి ఉంటే ఊరంతా వచ్చి ఓదార్చి ఉండును. ఇది నా వ్రేళ్ళతో నేను ఇచ్చింది. ముసలివాడికి బుద్ధి లేదంటారు. ఎట్లా చెప్పేది నాయనా?” అన్నారు.

ఆ పదకొండు రోజుల విలువ ఎంతో తెలుసునా? సొమ్ము మొదట ఒక ఖాతాలోనికి పోతుంది. అక్కడనుండి నాలుగైదు ఖాతాలకు చీలి, చివరకు నోట్లుగా బయటకు పోతుంది. మొదటి గంటలో 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ దారిలో ఎక్కడో ఒకచోట బ్యాంకు దానిని ఆపగలదు. ఈ ఏర్పాటు వలన 2025 మధ్యనాటికి 17 లక్షలకు పైబడిన ఫిర్యాదులలో సుమారు 5,489 కోట్లు దొంగల చేతికి పోకుండా ఆగినవి. పోయినదానితో పోలిస్తే తక్కువే. కాని ఆగిన ప్రతి రూపాయి వెనుక వెంటనే నోరు తెరచిన మనిషి ఒకడున్నాడు. మా పెదనాయన పన్నెండవ రోజున చెప్పారు. అప్పటికి ఖాతాలో మిగిలినది ఏమీ లేదు.

అవమానము ఎంత ఖరీదైనదో చూశారు గదా! దొంగ చేసిన నష్టము రు. 1,38,000. దానిని తిరిగి రాకుండా చేసినది మాత్రము మన మౌనము. మనము నవ్వుతామనే భయము చేతనే ఆయన చెప్పలేదు. కాబట్టి ఆ తప్పులో మనకూ భాగమున్నది.

ఇంతకూ చదువుకోనివారే మోసపోతున్నారా? ‘డిజిటల్ అరెస్టు’ అని భయపెట్టి వైద్యులను, పెద్ద ఉద్యోగులను సైతము గదిలో కూర్చోబెట్టి దోచుకొన్నారు. అటువంటి అరెస్టు మన చట్టములో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో ఈ సంగతి దేశమంతటికీ చెప్పవలసి వచ్చింది. 2025 డిసెంబరులో సుప్రీముకోర్టు ఈ కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. ఇంత పెద్ద దొంగలకు చిక్కినవాడిని బుద్ధిహీనుడనడము న్యాయము కాదు.

చివరగా చేయవలసిన పనులు నాలుగు చెబుతాము.

ఒకటి, ఇంట్లోని నగలకు ఫోటోలు తీసి, తూకములు వ్రాసి, రశీదులతో ఒకచోట ఉంచండి. వస్తువు దొరికినా అది మాదేనని చూపలేక తిరిగేవారు ఉన్నారు. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త నేరవిచారణ చట్టము ప్రకారము, పట్టుబడిన సొత్తుకు వివరపట్టిక, ఫోటోలు తయారు చేయించి, ఆ తరువాత ముప్పై రోజులలోగా దానిని ఏమి చేయాలో కోర్టు ఉత్తరువు ఇవ్వాలి. ఆ నిబంధన ఉన్నదని తెలిసినవాడే అడుగగలడు.

రెండు, ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చును. మా హద్దు కాదని త్రిప్పి పంపరాదని కొత్త చట్టములో ఉన్నది. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితము. రైలులో పోతే 139కి చెప్పండి. ఆంధ్రదేశమునుండి కొత్తగా వచ్చి తమిళము వ్రాయలేనివారు ఉన్నారు. వారికి ఫిర్యాదు వ్రాసిపెట్టడము మనవంటి పాతకాపుల ధర్మము.

మూడు, ఫోను పోతే దాని 15 అంకెల గుర్తు సంఖ్య కావాలి. ఈ రాత్రే దానిని ఒక కాగితము మీద వ్రాసిపెట్టుకోండి. ఫోనులో నక్షత్రము గుర్తు, చదరపు గుర్తు, 06, మళ్ళీ చదరపు గుర్తు నొక్కితే కనబడుతుంది. 2023లో ప్రభుత్వము తెరిచిన ‘సంచార్ సాథీ’లో ఆ సంఖ్య ఇస్తే ఫోనును ఎవరూ వాడకుండా ఆపివేస్తారు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యము. బ్యాంకు ఖాతా నుండి మనకు తెలియకుండా సొమ్ము పోతే వెంటనే 1930కి, బ్యాంకుకు చెప్పండి. మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేనప్పుడు మూడు పనిదినాలలోగా చెబితే నష్టము ఖాతాదారునిది కాదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు నియమము పెట్టింది. మనమే రహస్య సంఖ్య చెప్పి ఉంటే నష్టము మనదే. అయినా చెప్పిన క్షణము తరువాత జరిగే నష్టము మనది కాదని అదే నియమము చెబుతున్నది. అనగా తప్పు చేసినవానికి కూడా నోరు తెరవడమే రక్ష.

ఇక మన సంఘమునకు ఒక విన్నపము. చావుకు, పెండ్లికి మనము ఒకరి ఇంటికి ఒకరము పోతాము. సొమ్ము పోయిన ఇంటికి కూడా అట్లాగే పోదాము. ‘ఎట్లా మోసపోయినావు?’ అని అడగవద్దు. ‘ఫిర్యాదు ఇచ్చినారా? తోడు రావాలా?’ అని అడుగుదాము. ఈ సంవత్సరము మా పెదనాయన కుటుంబము తిరుపతికి పోతున్నది. బంధువులు తలా కొంత వేసుకొన్నారు. ఐదు టిక్కెట్లూ మేమే వ్రాసి ఇచ్చాము. వారు ఈ సభలోనే కూర్చొని ఉన్నారు. తమ కథ చెప్పమని మాకు అనుమతి ఇచ్చినవారు వారే. ఆ ధైర్యమునకు మీ అందరి తరఫున నమస్కరిస్తున్నాము.

వ్యయము ఏ రాశివానికైనా రావచ్చును. అవమానము మాత్రము దొంగ రాశికే వ్రాయండి. పరాభవ నామ సంవత్సరములో ఆ పరాభవము మోసగాండ్రకే కలుగుగాక!